అద్దాల అడవిలో నాలుగో పిట్ట

2016 ఆగస్టు 12, శుక్రవారం. తెల్లవారుజామున రెండు గంటల పది నిమిషాలకు మొదలైంది. ఇందులో ఒక్క మాట కూడా నేను కల్పించలేదు. నమ్మకపోతే నాకు కోపం లేదు... కానీ మధ్యలో నవ్వకండి.

గల్ఫ్‌లోని అల్ ఐన్ ఊరి పొలిమేరలో, ఖర్జూరపు తోటల మధ్య, మా కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమానికి, ఒక గాజు ఇల్లు ఉండేది. లోపల దక్షిణ అమెరికా అడవి. నిజమైన చెట్లు, నాచు, చేపల కొలను, పైపుల్లోంచి కురిసే వాన. దాని నిర్వహణ నాది. అందులో పక్షులు మూడే. రెండు తందూర్ పిట్టలు. మట్టితో అచ్చం రొట్టెల పొయ్యిలాంటి గూడు కడతాయి కనుక తోటలో పనిచేసే పఠాన్లు ఆ పేరు పెట్టారు. మూడోది వాటి కుటుంబానిదే, జెనోప్స్ అనే చిన్న అడవి పిట్ట. పిడికిట్లో ఇమిడిపోతుంది. గోధుమరంగు ఒళ్ళు, చెంప మీద తెల్లని నెలవంక. ఎండుపుల్లలను ముక్కుతో కొట్టి పురుగులను ఏరుకుంటుంది. వాటికి మేత పెట్టే సత్యవతి దాన్ని బుడ్డోడు అనేది. ఆవిడది రాజోలు. పక్కనే ఉన్న యజమాని బంగళాలో వంట చేసేది.

ఆ రాత్రి గాజు ఇంటి కరెంటు ప్యానెల్ కాలిపోయింది. దీపాలు ఆరాయి. చల్లటి గాలి ఆగింది. మెకానిక్‌కు ఫోను చేశాను.

"సుబహ్ దస్ బజే, సాబ్. అభీ గాడీ నహీ హై," అన్నాడు.

ఇప్పుడు బండి లేదట, పొద్దున పది గంటలకు వస్తాడట! ఆగస్టు ఎండ పొద్దున్నే ఆ గాజును పట్టుకుంటే లోపల ఏదీ బతకదు. సూర్యోదయంలోగా మూడింటినీ పట్టి బంగళాలోకి చేర్చాలి. బంగళాలో ఆ రాత్రి సత్యవతి ఒక్కర్తే ఉంది. లేపాను. టార్చి, వల, పెట్టెలు తీసుకుని వెళ్ళాము.

తలుపు తీయగానే ఆవిరి ముఖానికి కొట్టింది.

"ఏటండీ మూర్తిగారూ, మనవే ఆవిరి కుడుముల్లాగ ఉడికిపోతన్నాం. పిట్టలెంతండీ!"

తందూర్ పిట్టలు కొమ్మ మీద నిద్రలో దొరికాయి. "మొగుడూ పెళ్ళాం ఎక్కేశారండి బండి," అంటూ పెట్టె మూత వేసింది. బుడ్డోడు మాత్రం దొరకలేదు. ఏ తొర్రలో పడుకుంటాడో ఎవరికీ తెలియదు. గంట గడిచింది. రెండోది కూడా గడిచింది. ఆవిడ రెండుసార్లు చెట్టుకు ఆనుకుని నిలబడింది. బయటకు పొమ్మన్నాను. వినలేదు.

అప్పుడు వినిపించింది.

టక్... టక్... టక్.

ఆ పిట్ట రాత్రిపూట కొట్టగా నేనెన్నడూ వినలేదు.

"అదుగోనండి! పిలుస్తన్నాడు!"

చప్పుడు వెంట నడిచాము. అది ఆగింది. మేమూ ఆగాము. మళ్ళీ... ఇంకాస్త లోపలికి. చివరకు తందూర్ పిట్టలు వదిలేసిన పాత మట్టి గూడు దగ్గరకు చేరాము. సత్యవతి అందులోకి చేయి దూర్చింది. మెల్లగా పిడికిలి బయటకు తీసింది. వేళ్ళ సందున తెల్లని నెలవంక. బుడ్డోడే. బతికే ఉన్నాడు. కళ్ళు సగం మూసి, కదలకుండా ఉన్నాడు.

మా ఇద్దరికీ నవ్వు వచ్చింది. ఆ నవ్వు ఆగేలోగా...

టక్... టక్... టక్.

మా తలల పైనుంచి.

సత్యవతి తన పిడికిలి వైపు చూసింది. తర్వాత పైకి చూసింది. "బుడ్డోడు నా చేతిలో ఉన్నాడు కదండీ... మరి అదెవరండీ?"

టార్చి వేశాను. ఆకులు. నీటి చుక్కలు. ఇంకేమీ లేదు.

"దీని జతదేమోనండి."

"జత షార్జా విమానాశ్రయంలో పెట్టెలు దించిన రోజునే చచ్చిపోయిందమ్మా. నేనే గుడ్డలో చుట్టి అక్కడివాళ్ళకు ఇచ్చాను. మూడూ దొరికాయి. ఖలాస్, పద."

"అయితే వదిలేసి పోతామేటండీ? అంతలాగ కొడతంటే!"

బుడ్డోణ్ణి నా చేతిలోని పెట్టెలో పెట్టి, ఆవిడ చెట్టు వైపు రెండడుగులు వేసింది. మూడో అడుగు పడలేదు. మోకాళ్ళ మీద కూలిపోయింది. చేయి పట్టుకుంటే నిప్పులా ఉంది. ఒక చంకలో పెట్టెలు, ఇంకో భుజం మీద ఆవిడ చేయి. ఎలా బయటపడ్డానో తెలియదు. తలుపు నా వెనక దానంతటదే మూసుకుంది.

టక్.

ఇప్పుడది కర్ర మీది చప్పుడు కాదు. గాజు మీది చప్పుడు.

పెట్టెలు కింద దించి తిరిగి చూశాను. తలుపు గాజుకు లోపలివైపు ఆవిరి పట్టి ఉంది. సరిగ్గా నా ముఖం ఎత్తున... ఒక చిన్న చోట ఆవిరి చెరిగింది. చిటికెన వేలి కొనంత. టక్. దాని పక్కనే ఇంకొకటి. టక్. మరొకటి. ఆ చుక్కల్లోంచి టార్చి వేశాను. వెలుగు నేరుగా లోపలి చెట్ల మీద పడింది. మధ్యలో ఏమీ లేదు. రెక్క లేదు. ముక్కు లేదు. నీడ కూడా లేదు.

టక్.

తలుపు పిడి మీద నా చేయి ఉంది. తిప్పితే చాలు. భుజం మీద సత్యవతి మూలిగింది, "తీయండి... మూర్తిగారూ... తీయండి..."

తీయలేదు. ఆవిడ కోసమే తీయలేదని తర్వాత చాలామందికి చెప్పాను. ఆ క్షణాన నాకు ఆవిడ గుర్తు లేదు. ఆ తలుపు తెరుచుకుంటే బయటకు ఏది వస్తుందో... అదొక్కటే గుర్తుంది.

బంగళాలో ఆవిడకు ఉప్పు కలిపిన మజ్జిగ పట్టించి, తడిగుడ్డలు వేసి, కళ్ళు తెరిచాక పరుగెత్తుకొచ్చాను. అప్పటికే గాజు మీద ఎండ పడింది. లోపల నిశ్శబ్దం. ఊపిరి ఆడినంతసేపు వెతికాను. మెకానిక్ వచ్చి వెళ్ళాక మళ్ళీ వెతికాను. ప్రతి తొర్ర, ప్రతి కొమ్మ. ఒక్క ఈక దొరకలేదు.

వేడికి గాజు బిగింపులు సాగి ఆ చప్పుడు వచ్చిందని మెకానిక్ అన్నాడు. కావచ్చు. వారం తర్వాత సత్యవతి ఒక్కసారి అడిగింది: "నేను పడిపోకపోతే తీసేవోరేనాండీ?"



దక్కినవి: తందూర్ పిట్టలు రెండు, జెనోప్స్ ఒకటి, సత్యవతి ప్రాణం. పోయినవి: కొలనులోని చేపలన్నీ, నాచు మొత్తం, సగానికి పైగా మొక్కలు. తలుపు వెనక వదిలినది: ఒకటి, లేదా ఏమీ లేదు.