మలుపు తిరగని జీపు

నా చిన్నప్పుడు, పదేళ్ల వయసులో, మా చిన్నాన్న నన్ను జీడిపిక్కల బస్తాతో పోల్చాడు. అదీ నలుగురిలో. నేనింకా మరిచిపోలేదు.

సర్వీసు ఆటోలు మా ఉద్దానం దారికి ఇంకా రాని రోజులు. చిన్నాన్న పలాస నుంచి తీరం ఊళ్లకు జీపు తోలేవాడు. ఏడాదికోసారి జీపులవాళ్లంతా పందెం వేసుకునేవారు. తీరంలో తడి ఇసక మీద తిన్నగా ఒక పరుగు, తర్వాత పూండి వైపు తారురోడ్డు మీద ఇంకొకటి. అంతకుముందు ఏడాది మా జీపు వెనక చక్రం ఒకటి ఇసకలో ఉత్తినే తిరుగుతుంటే రెండోది కదల్లేదు. అందరూ నవ్వారు. అందుకని ఈసారి, వెనక చక్రాలు రెంటికీ బలం పంచే డిఫరెన్షియల్‌లో పళ్లన్నీ కలిపి వెల్డింగు పెట్టించేశాడు, రెండూ ఒక్కటై తిరగాలని. వెనక బరువుంటే ఇంకా బాగా పట్టుకుంటాయని నన్ను ఎక్కించాడు. "బస్తాలైతే మనమే దింపుకోవాల. ఇదైతే దానంతటదే దిగుతాది" అన్నాడు. నన్నెవరూ అడగలేదు.

పందేనికి ముందు ఒకసారి తోలి చూశాడు. ఇసక మీద జీపు ఎక్కడా తడబడలేదు. తారురోడ్డు మీద జీడితోట మలుపులో చిన్నాన్న స్టీరింగు తిప్పాడు. ముందు చక్రాలు తిరిగాయి, జీపు తిరగలేదు. వెనక టైర్లు కీచుమంటూ తిన్నగా తోసుకుపోయాయి. ఎదురుగా కాలవ. ఆగేసరికి ముందు చక్రం ఒకటి గట్టు దాటి గాలిలో ఉంది. "కదలకమ్మా, నువ్వు దిగితే బండి ఒరిగిపోతాది" అన్నాడు చిన్నాన్న. ఆయన గొంతు వణకడం అప్పుడే మొదటిసారి విన్నాను. అది కాలవ కన్నా ఎక్కువ భయపెట్టింది. తోటలోవాళ్లు వచ్చి తాడు కట్టేదాకా, కమ్మీ పట్టుకుని, ఊపిరి కూడా గట్టిగా తీసుకోకుండా కూర్చున్నాను.

పందేనికి ఇంకా మూడు రోజులుంది. మళ్లీ నేనే కూర్చోవాలన్నాడు.

జీపును పలాస రైలుగేటు దగ్గర ముసలి మేస్త్రీ షెడ్డుకు తీసుకెళ్లాం. ఆయన తిట్టలేదు. తువ్వాలు తీసి నా కాలూ చిన్నాన్న కాలూ కలిపి బిగించి కట్టాడు. తిన్నగా నడవమన్నాడు, నడిచాం. ఆయిలు డ్రమ్ము చుట్టూ తిరగమన్నాడు. బయటివైపున్న నేను ఎక్కువ నడవాలి, కట్టు నడవనివ్వదు. మోకాళ్ల మీద పడ్డాను. షెడ్డులో పనివాళ్లు నవ్వారు, వాళ్ల ముఖాలూ నాకు గుర్తే. మేస్త్రీ నవ్వకుండా ముడి కాస్త వదులు చేసి మళ్లీ తిరగమన్నాడు. ఈసారి పడలేదు.

"సూసినావా? కట్టు ఉండాల, కూసింత జారాల. సక్రాలకీ అంతే" అన్నాడు.

అలా కాస్త జారనిచ్చే డిఫరెన్షియల్‌లు ఆయన దగ్గర రెండు రకాలున్నాయి, పళ్లతో పట్టేది ఒకటి, ప్లేట్ల రాపిడితో పట్టేది ఇంకొకటి. ఎక్కువకాలం మన్నేది ఏదని చిన్నాన్న అడిగాడు.

"పళ్లది అరగదురా. కానీ ఒక చక్రం గాల్లోకి లేసిందంటే సేతులెత్తేత్తాది. మన గోతుల్లో నీకెందుకది? ప్లేట్లది అరుగుతాది, అరిగితే మారుత్తాం. దానికని ఉన్న ఆయిలే పోసుకో, నీ కొడుకూ తోలతాడు."

చిన్నాన్న ప్లేట్లది వెయ్యమన్నాడు. మేస్త్రీ అప్పుడు నా వైపు తిరిగాడు. "నువ్వేటంతావు తల్లీ? ఎక్కుతావా?"

ఆ మాట నన్ను అడిగింది ఆయనొక్కడే. చిన్నాన్న చూపు నా మీదే ఉంది. "ఎక్కను" అన్నాను.

"అయితే బస్తాలెయ్యిరా" అన్నాడు మేస్త్రీ, పని మొదలుపెడుతూ.

చిన్నాన్న నిజం బస్తాలు వేసుకుని వెళ్లాడు. పందెం గెలవలేదు గానీ, మలుపులన్నీ తిరిగి ఇంటికొచ్చాడు. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

నన్నడగకుండా ఎవరు ఎందులో కూర్చోబెట్టినా ఇప్పటికీ లేచిపోతాను. మొండిదాన్నంటారు. అననీ. భయమేస్తే వద్దని చెప్పొచ్చని, చెబితే వినే పెద్దవాడు ఒక్కడైనా ఉంటాడని ఆ షెడ్డులో నాకు తెలిసింది.