గుప్పెడు నిమ్మ ఉప్పు

అరవైల తొలినాళ్ళు. నాకు పెళ్ళయి రెండేళ్ళు. మైపాడులో మావారు గోళీ సోడాలు, షర్బత్తు అమ్మేవారు. నిమ్మకాయలు దొరకనప్పుడు పులుపు కోసం నిమ్మ ఉప్పు కరిగించి కలిపేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం ఆ ఉప్పును రోట్లో పొడి చేస్తున్నాను. పక్కింటి సుబ్బయ్య కత్తితో కొట్లోకి వచ్చాడు. కొట్లాట కేసులో మావారు తన మీద సాక్ష్యం చెప్పారని అతని కోపం. వస్తూనే ఆయన భుజంలో పొడిచాడు. మళ్ళీ కత్తి ఎత్తగానే నేను గుప్పెడు పొడి తీసి అతని కళ్ళలో కొట్టాను.

కత్తి జారిపోయింది. "కళ్ళు పోయినాయి వదినా" అంటూ సుబ్బయ్య నేల మీద పొర్లాడు. నేను కదలకుండా చూస్తూ నిలబడ్డాను.

మావారు నెత్తురు కారుతున్న భుజం పట్టుకుని, "ముందు వాడి కళ్ళు కడుగు మేరీ. రుద్దుకోనీబాకు" అన్నారు.

అప్పుడు కదిలాను. అతని రెప్పలు విప్పి పట్టి, బిందెల కొద్దీ మంచినీళ్ళు పోశాను. వెంటనే కడగబట్టే చూపు దక్కిందని నెల్లూరు డాక్టరు చెప్పారు. మావారి భుజం మానడానికి మూడు నెలలు పట్టింది.

పొడి కొట్టినందుకు నాకు ఇప్పటికీ విచారం లేదు. ఆయన చెప్పకపోతే నీళ్ళు పోసేదాన్నా అన్నదే ఈనాటికీ తేల్చుకోలేకపోతున్నాను.