ఆయన చుట్టిన తీగ

మా ఆయనకు మొక్కల మీద ఆసక్తి ఉందని పాతికేళ్ళు దాటిన కాపురంలో నాకెప్పుడూ తెలియలేదు. నందిగామలో మేము అద్దెకుంటున్న డాబా మీద పాత బకెట్లలో పెరిగే బంతీ, కనకాంబరం, రెండు మిరప మొక్కలూ నావే. ఆయన వాటి పక్కనుంచి నడిచి వెళ్ళి బట్టలు ఆరేసేవారు, అంతే. జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ ఆయన. పొద్దున్నే బండి మీద వెళ్ళి, సాయంత్రానికి చొక్కా నిండా బూడిద రంగు దుమ్ముతో వచ్చేవారు. నేను చందర్లపాడు వైపు ఒక ఊళ్ళో ప్రభుత్వ బడిలో టీచర్ని. మా ఒక్కగానొక్క అమ్మాయి నర్సింగు చదివి హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటోంది. ఇంట్లో మేమిద్దరమే కాబట్టి మాటలు కూడా తక్కువే ఉండేవి. కూర బాగుందనో, గ్యాస్ అయిపోయిందనో.

ఒక ఫిబ్రవరి సాయంత్రం ఆయన బండిని మామూలు కంటే నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చారు. ముందు ట్యాంకు మీద గోనెసంచిలో ఏదో ఉంది. విప్పి చూపించారు. లోతులేని మట్టి తొట్టి, అందులో జానెడున్నర చెట్టు. మొక్క కాదు, చెట్టే. కింద లావాటి మొదలు, పైకి తేలిన వేళ్ళు, చిన్న చిన్న మందపాటి ఆకులు.

"ఏంటండీ ఇది?"

"బోన్సాయ్. చిల్లకల్లు దగ్గర రోడ్డు పక్క నర్సరీలో కొన్నా. జువ్వి జాతంట. పదేళ్ళ చెట్టంట."

"పదేళ్ళకి ఇంతేనా? నేలలో పెడితే నీడన్నా ఇచ్చేది పాపం."

"నీకు అన్నిటికీ పాపమే," అని నవ్వారు. "రిటైరయ్యాక ఏం చేస్తావని మావాళ్ళు ఒకటే అడుగుతున్నారు. ఇదే చేస్తా."

"దానికింకా చాలా టైముందిగా."

"నేర్చుకోవాలిగా మరి, టీచరమ్మా."

ఆ రోజు నుంచి ఆయన అన్నం తిన్నాక ఫోనులో వీడియోలు పెట్టుకుని కూర్చునేవారు. ఏ చెట్టుకి ఎన్ని నీళ్ళు, మట్టిలో ఇసక పాలెంత, కొమ్మ ఎక్కడ కత్తిరిస్తే ఎక్కడ చిగురేస్తుంది, ఇవే. నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ వింటున్నట్టు తలాడించేదాన్ని. నిజానికి వినలేదు. ఆ తర్వాత ఆ వీడియోలన్నీ ఒక్కొక్కటే వెతుక్కుని చూడాల్సి వస్తుందని నాకేం తెలుసు.

మార్చిలో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, డాబా మెట్ల మీద కూర్చుని చెట్టుకి తీగ చుట్టారు. కొమ్మలు నిటారుగా పోతున్నాయట, వాటిని పక్కకి వంచి తీగతో పట్టి ఉంచితే కొన్నాళ్ళకి అలాగే నిలబడతాయట. పాత సర్వీసు వైరు ఒలిచి అల్యూమినియం తీగ తీశారు. కుడివైపు కొమ్మని నన్ను పట్టుకోమన్నారు. లావుపాటి కేబుళ్ళు లాగే చేతులవి, గోళ్ళ చుట్టూ ఎప్పుడూ నల్లగా ఉండేది. ఆ చేతులతో ఊపిరి బిగబట్టి, చంటిపిల్ల కాలికి పట్టీ పెడుతున్నట్టు, ఒక్కో చుట్టూ తిప్పారు. మధ్యలో కొమ్మ చిటుక్కుమంది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

"విరిగిందా?"

"లేదులే. ఒళ్ళు విరుచుకుంది."

"ఎన్నాళ్ళు ఉండాలి ఈ తీగ?"

"వానలు పడ్డాక చూసి తీసేస్తా. ఎక్కువ రోజులుంచితే బెరడులోకి దిగిపోద్దంట."

పొయ్యి మీద పప్పు గుర్తొచ్చి నేను లోపలికి వెళ్ళిపోయాను. ఎడమ కొమ్మకి ఆయన ఒక్కరే చుట్టుకున్నారు.

మే నెలలో ఆయన పోయారు. డ్యూటీలో ఉండగానే, మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే గుండెలో పట్టేసినట్టుందన్నారట. తోటివాళ్ళు కారులో జగ్గయ్యపేట ఆసుపత్రికి తీసుకొచ్చారు. నేను నందిగామ నుంచి ఆటోలో వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఎండకి కాలిపోతున్న ఆ హైవే, ఆటోవాడు అద్దంలో నన్ను చూసి రేడియో కట్టేయడం, ఇవి గుర్తున్నాయి. తర్వాత రెండు రోజులు ఎవరు ఏమన్నారో, నేను ఏం తిన్నానో గుర్తు లేదు.

ఇల్లు నిండిపోయింది. చర్చివాళ్ళ ఆదరణ కూడికకి డాబా మీదే షామియానా వేశారు. చెట్టుని ఎవరో మెట్ల మూలకి నెట్టారు. జనం తాగిన టీ గ్లాసుల అడుగు చుక్కలు ఆ తొట్టిలో ఒంపారు. ఎవరినీ తప్పు పట్టలేను. మట్టి కనిపిస్తే టీ ఒంపడం ఎక్కడైనా జరిగేదే. అందరూ వెళ్ళాక, సెలవు అయిపోయి మా అమ్మాయి కూడా హైదరాబాదు బస్సెక్కాక, మెట్ల మీద చీమల బారు చూసి దాని వెంట వెళ్ళాను. తొట్టిలోకి పోతున్నాయి. ఆకులు దాదాపు అన్నీ రాలి ఉన్నాయి. ఎండి ముడుచుకున్న ఆకుల మధ్య చెట్టు ఎముకలాగా నిలబడి ఉంది.

చచ్చిపోయిందనుకున్నాను. అనుకుని, ఎందుకో బొటనవేలి గోరుతో మొదలు దగ్గర కొంచెం గీకాను. లోపల పచ్చగా ఉంది. ఒక తెల్లటి పాలచుక్క పైకి ఉబికింది. మెట్ల మీద కూర్చుని, కూడిక రోజున కూడా ఏడవనంతగా ఏడ్చాను.

చెట్టుని పెంచడం అలా మొదలైంది. ఏమీ తెలియకుండా మొదలైంది. ఎండకి పోతుందని భయపడి ముందు పడగ్గదిలో ఫ్రిజ్ పక్కన పెట్టుకున్నాను. పొద్దునా సాయంత్రం నీళ్ళు పోశాను. మిగిలిన నాలుగాకులూ పసుపు రంగుకి తిరిగి రాలిపోయాయి. అప్పుడు ఆయన ఫోను తెరిచి, ఆయన చూసిన వీడియోలు చూశాను. ఇది గదిలో బతికే చెట్టు కాదట. వెలుతురూ గాలీ కావాలట. నీళ్ళు గడియారం చూసి కాదు, మట్టిలో వేలు పెట్టి చూసి పొయ్యాలట. తొట్టి అడుగున చిల్లులు మూసుకుపోతే వేళ్ళు కుళ్ళిపోతాయట. తిప్పి చూస్తే మా తొట్టి చిల్లుల్లో టీ పొడి గట్టిగా పట్టేసి ఉంది. చీపురుపుల్లతో పొడిచి తీశాను. పైమట్టి గీకేసి, మునేటి ఇసక జల్లించి కలిపాను. తూర్పు వైపు సన్‌షేడ్ కింద, పొద్దుటెండ మాత్రమే తగిలే చోట పెట్టాను.

జూన్‌లో బడి తెరిచారు. మొదటి వానలు పడ్డ వారంలో, బస్సుకి వెళ్తూ చూస్తే కొమ్మల కణుపుల్లో ఎర్రటి ముళ్ళ లాంటివి లేచాయి. చిగుళ్ళు. సంతోషం కలగలేదు. కోపం వచ్చింది. చూడాల్సిన మనిషి లేకుండా ఇప్పుడెందుకు వచ్చాయనిపించింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని చందర్లపాడు దాకా అదే కోపంతో వెళ్ళాను.

జూలైలో మా వదినగారు వచ్చారు. ఆయన అక్క, జగ్గయ్యపేటలో ఉంటారు. వాళ్ళమ్మ చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి సాకింది ఆవిడే. ఆయన పోయాక ఆవిడ నాతో పెద్దగా మాట్లాడలేదు. నన్ను చూస్తే ఆవిడకి, ఆవిడ్ని చూస్తే నాకు దుఃఖం రెట్టింపయ్యేది. అందుకే ఇద్దరం తప్పించుకు తిరిగాం.

కాఫీ తాగుతూ ఆవిడ కిటికీలోంచి చెట్టుని చూసింది.

"అదింకా ఉంచావా?"

"చచ్చిపోయి మళ్ళీ బతికింది వదినా. చిగురేసింది చూడండి."

"అలాంటి మరుగుజ్జు చెట్టు ఇంట్లో ఉండకూడదంట. మా పక్కింటావిడ చెప్పింది. ఇంటి ఎదుగుదల ఆపేస్తదంట."

"ప్రార్థన చేసుకునేవాళ్ళం, మనం కూడా అలాంటివి నమ్ముతామా?"

"నేను నమ్ముతున్నానని కాదు." గ్లాసు కింద పెట్టింది. "అది ఇంట్లోకొచ్చి మూడు నెలలు నిండాయో లేదో, వాడు పోయాడు. ఆరోగ్యంగా ఉన్నోడు. తలనొప్పని కూడా అనేవాడు కాదు. నాకు ఇంకేం అనుకోవాలో చెప్పు. ఎవర్ని అడగాలి నేను? ఫ్యాక్టరీనా? దేవుణ్ణా? నిన్నా?"

 ఆ చివరి మాటకి నాకు చెయ్యెత్తి కొట్టినట్టయింది. ఏమన్నా అంటే ఇక ఆ గుమ్మం దాటి ఆవిడ మళ్ళీ రాదని తెలుసు, అందుకే ఊరుకున్నాను.

కాసేపటికి ఆవిడే లేచి బయటికి వెళ్ళింది. పారేస్తుందేమోనని వెనకాలే వెళ్ళాను. వంగి చూస్తోంది.

"ఈ తీగేంటి?"

"కొమ్మలు వంచడానికి. మార్చిలో ఆయనే చుట్టారు."

"వాడా?"

"ఆదివారం పూట, ఇక్కడే కూర్చుని."

ఆవిడ వేలితో ఆ చుట్ల మీద పైనుంచి కిందికి తడిమింది. ఒక్కో చుట్టూ ఎంత ఎడంలో ఉందో లెక్కపెట్టినట్టు.

"చిన్నప్పుడు కూడా అంతే వాడు. గాలిపటానికి దారం చుట్టినా ఇట్టాగే, మీద మీద పడకుండా చుట్టేవోడు," అంది.  "వాడి చేత్తో చేసింది ఇంకేం మిగిలింది మనకి? ఉండనీ. తియ్యమాక."

"అలాగే వదినా," అన్నాను.

వానలు పడ్డాక తీసేస్తానని ఆయన చెప్పింది నాకు గుర్తుంది. వీడియోల్లో కూడా అదే విన్నాను. కానీ తీయకూడదని ఇంకొకరు అంటే వినడానికే నేను ఎదురుచూస్తున్నానేమో. ఆ రోజు ఆవిడ భోంచేసి, సాయంత్రం బస్సుకి వెళ్తూ నా తల నిమిరింది. ఆయన పోయాక అదే మొదటిసారి.

ఆ ఏడాది వానలు బాగా పడ్డాయి. మునేరు నిండుగా పారింది. చెట్టు నేను చూస్తుండగానే లావెక్కింది. రెండు మూడు వారాలకోసారి వదినగారు ఫోను చేసి, నేను తిన్నానా లేదా అని అడిగాక, "అదెట్టా ఉంది?" అనేవారు. బాగుందనేదాన్ని. సెప్టెంబరు వచ్చేసరికి తీగ పక్కన బెరడు ఉబ్బింది. ఇంకొన్నాళ్ళకి ఆ ఉబ్బు తీగ మీదకి పొర్లింది. కుడి కొమ్మకి కొన్నిచోట్ల తీగ సగమే కనిపిస్తోంది. రోజూ పొద్దున్న చూసేదాన్ని. రేపు తీద్దామనుకునేదాన్ని. బడిలో పిల్లలకి ఎక్కం చెబుతూ ఉన్నట్టుండి ఆగిపోయేదాన్ని, ఆ కొమ్మ కళ్ళముందు కదిలి.

అక్టోబరు సెలవుల్లో ఇక తీయక తప్పదని కూర్చున్నాను. తీగని ముక్కలు ముక్కలుగా కత్తిరించి తీయాలని, విప్పకూడదని వీడియోలో మరీ మరీ చెప్పారు. ఆయన కటింగ్ ప్లేయర్ పక్కనే పెట్టుకున్నాను కూడా. కానీ కత్తిరించలేకపోయాను. ఆయన చుట్టింది చుట్టినట్టే, ఆ వంకరలతో సహా, విడిగా నాకు కావాలనిపించింది. చివర పట్టుకుని, ఆయన తిప్పినదానికి ఎదురుగా తిప్పుతూ నెమ్మదిగా విప్పడం మొదలుపెట్టాను. మొదటి రెండు చుట్లూ వచ్చాయి. మూడో చుట్టుతో పాటు బెరడు కూడా లేచొచ్చింది. ఆగాల్సింది. ఆగలేదు. కుడి కొమ్మ పొడుగునా పాలు కారాయి. నా వేళ్ళూ, చీర కుచ్చిళ్ళూ జిగురయ్యాయి. ఎడమ కొమ్మ తీగ అంత లోతుగా దిగలేదు, కాస్త సులువుగానే వచ్చేసింది.

గాయాలకి పసుపు ముద్ద రాశాను. నీడలో పెట్టాను. వారం దాకా కుడి కొమ్మ ఆకులు బాగానే ఉన్నట్టు కనిపించాయి. తర్వాత కొసల నుంచి ముడుచుకోవడం మొదలైంది. క్రిస్మస్ నాటికి ఆ కొమ్మ పూర్తిగా ఎండిపోయింది. గోరుతో గీకి చూశాను. గోధుమ రంగు పొడి రాలింది, అంతే. ఆ పండక్కి ఇంటి ముందు స్టార్ కట్టలేదు. అమ్మాయికి డ్యూటీ పడి రాలేకపోయింది. చర్చికి వెళ్ళి, వెనక బల్ల మీద కూర్చుని, పాటలు అయ్యేలోపే లేచి వచ్చేశాను.

వదినగారికి నేనే ఫోను చేసి చెప్పాను. దాచినందువల్ల లాభం లేదు.

"ఒక కొమ్మ చచ్చిపోయింది వదినా. తీగ తీసేటప్పుడు బెరడు లేచిపోయింది."

 అటునుంచి వాళ్ళ వీధిలో కూరగాయల బండివాడి కేక వినిపించింది.

"తియ్యమాక అన్నాగా."

"తీయకపోయినా పోయేది వదినా. లోపలికి దిగిపోయింది."

"ఏమో. సరేలే," అని పెట్టేసింది.

ఆ తర్వాత ఆవిడ ఫోను చేయడం మానేసింది. నేను చేస్తే రెండు ముక్కలు మాట్లాడి, మోకాళ్ళ నొప్పులని చెప్పి పెట్టేసేది. చెట్టుకి మాత్రం నేను చేయాల్సింది చేస్తూనే ఉన్నాను. ఎండు కొమ్మని ఫిబ్రవరిలో కోసేశాను. ఇప్పుడది ఒక పక్కకి ఒరిగిన చెట్టు. కొన్న రోజున ఉన్న ఆకారం రాదు. కొత్త చిగుళ్ళు వస్తే రెండాకులు ఉంచి మిగతాది తుంచడం, మట్టి ఆరితే నీళ్ళు పోయడం, నెలకోసారి తొట్టి తిప్పడం నేర్చుకున్నాను. చేయి తిరిగిందని అనను. ఆ ఎండాకాలం కూడా కొన్ని ఆకులు మాడాయి. బతికుందని మాత్రం చెప్పగలను.

మే నెలలో ఆయన జ్ఞాపకార్థ కూడిక జగ్గయ్యపేటలో వదినగారింట్లో పెట్టారు. పెట్టమని నేనే అడిగాను. మా ఇంట్లో మళ్ళీ ఆ షామియానా చూడలేనన్నాను. ఆవిడ సరే అంది. కూడిక అయ్యి, భోజనాలయ్యి, వచ్చినవాళ్ళంతా ఎండకి గొణుక్కుంటూ వెళ్ళిపోయేసరికి రెండయింది. కరెంటు పోయింది. వదినగారు ముందు గదిలో చాప పరిచి, గోడకి ఆనుకుని కూర్చుంది. నన్ను కూడా కూర్చోమని చాప మీద చేత్తో తట్టింది.

ఆవిడ విసనకర్ర అందుకుని ఊపడం మొదలుపెట్టింది.

"నీకు నిద్ర పడతందా?" అంది.

"పట్టట్లేదు వదినా."

"నాకూ అంతే. కళ్ళు మూస్తే చాలు, చిన్నప్పుడు వాడు అన్నానికి మారాం చేసేది కనపడుద్ది."

"అప్పుడేం పెట్టేవాళ్ళు?"

"ఏముంది పెట్టడానికి. పచ్చడే. ముద్ద మీద చుక్క నెయ్యేసి, కోడికూర అని చెప్పేదాన్ని. నమ్మేవోడు."

నేను ఇంతవరకూ వినని సంగతి అది. ఇంకా చెప్పమన్నాను. ఆవిడ చెబుతూ పోయింది, విసనకర్ర ఒకసారి తన వైపు, ఒకసారి నా వైపు ఊపుతూ. మధ్యలో ఎప్పుడో ఆవిడ మాట తడబడి ఆగిపోయింది. చూస్తే గోడకి ఆనుకున్నట్టే నిద్రపోతోంది. ఒళ్ళో జారిన విసనకర్ర తీసుకుని, ఆవిడకి గాలి తగిలేలా ఊపుతూ కూర్చున్నాను. ఐదింటి బస్సుకి నందిగామ వెళ్ళిపోదామనుకున్నాను. ఐదు దాటినా నేను లేవలేదు.