లోపలికి మూరెడు

వీధి వీధంతా ఆమెను కత్తెరమ్మ అనేది. చేతిలో ఒక కత్తెర, నోట్లో ఒక కత్తెర అని మొగుడు పెట్టిన పేరు. ఆ మొగుడు, సిటీ బస్సు నడిపినవాడు, మొన్న చలికాలంలో పోయాడు. అప్పట్నుంచి నోట్లో కత్తెర మొద్దుబారింది. కంట చుక్క రాలేదు. రాయి అన్నారు ఇరుగూ పొరుగూ. అననీ, రాయికేమన్నా వినపడుతుందా! పొద్దున లేచి కుట్టుమిషను తొక్కేది, పిలిస్తే పలికేది, పెడితే తినేది. కూరలో ఉప్పు పడలేదని ఆడబిడ్డ చెబితే గానీ తెలిసేది కాదు. తోడుండటానికి వచ్చిన ఆ ఆడబిడ్డే ఇద్దరి ఏడుపూ ఏడ్చేది.

ఇంటి గోడకీ రోడ్డుకీ నడుమ కాస్తంత మట్టి పట్టీ ఉంది. అందులో గోడనానుకుని మొగుడు నాటిన మందారం. ఆ ఇంట్లో అతని చేతిది బతికున్నదంటే అదొక్కటే. కత్తెరమ్మ దానికి నీళ్ళు పోసేది. పువ్వు పూసిందా అంటే మాత్రం చెప్పలేకపోయేది.

ఒకరోజు మునిసిపాలిటీ తోటల మేస్త్రీ బండి ఆపాడు.

"అమ్మా, రోడ్డు పక్కన మొక్కలు పెంచుకుంటే వద్దనం. పద్ధతిగా పెంచుకోవాలి. ముళ్ళవి పెట్టొద్దు, రాళ్ళు పేర్చొద్దు, నడుం దాటి ఎదగనివ్వొద్దు. లోపలికి మూరెడు వదలాలి. మళ్ళీ వచ్చి చూస్తా. లేదంటే మావాళ్ళు పీకేస్తారు."

"సరే" అంది కత్తెరమ్మ. ఆ రోజుల్లో ఆమెకున్న మాట అదొక్కటే.

బట్టలు కుట్టేవాళ్ళకి లోపలికి వదలడమంటే ఒకటే. రేపు ఒళ్ళొస్తే విప్పుకోవడానికని ఒంటివైపు మడిచి దాచే గుడ్డ. అందుకని ఆమె ఇంటివైపు మూరెడు ఖాళీ చేసింది. గోడ పక్కన బుద్ధిగా ఉన్న మందారాన్ని మట్టిగడ్డతో సహా పెకలించి, తీసుకెళ్ళి సరిగ్గా రోడ్డంచున పాతింది. నాలుగాకులు రాల్చి అది ఎలాగో నిలదొక్కుకుంది.

మేస్త్రీ మళ్ళీ వచ్చాడు. చూసి నెత్తి పట్టుకున్నాడు.

"ఇదేం పనమ్మా! వదలమంది రోడ్డువైపు. బండి దిగినవాళ్ళు కాలెక్కడ పెట్టాలి, గాల్లోనా?"

"లోపలికన్నారుగా."

"రోడ్డు నుంచి లోపలికి!"

"గుడ్డకైతే లోపలంటే ఒంటివైపు."

మేస్త్రీకి నవ్వాగలేదు. "రోడ్డుకి జాకెట్టు కుట్టావా తల్లీ!"

"నవ్వకు నాయనా" అని ఆడబిడ్డ గుమ్మంలోంచే అందుకుంది. "అది మా అన్న పెట్టిన చెట్టు. ఆయన పెట్టిన చోట చక్కగానే ఉండేది. ఈ మహాతల్లి కదిలించింది."

మేస్త్రీ నవ్వు మింగేశాడు. వేళ్ళతో మట్టి కెలికి చూశాడు. "ఈ ఎండల్లో రెండోసారి పీకితే బతుకుతుందని చెప్పలేను. పోనీ, నేను చూడలేదనుకోండి. వానలు పడ్డాక మార్చుకోండి."

ఆడబిడ్డ చేతులు జోడించింది. అంతలో ఆటో ఒకటి వచ్చి ఆగింది. చంకలో పిల్లతో ఒకామె దిగబోయి, మందారం అడ్డమొస్తే అటు తిరిగి రోడ్డు మీదికే దిగింది. వెనక వస్తున్న బండి హారన్ కొట్టి, రాసుకున్నట్టే పోయింది.

"మార్చేస్తా" అంది కత్తెరమ్మ.

"ఆయనే పోనీలెమ్మంటుంటే నీకేం పుట్టింది వదినా? చంపుతావా దాన్ని?"

"దిగేవాళ్ళకి చోటు లేకుండా మీ అన్న బస్సు ఆపేవాడా?"

మేస్త్రీ బండి స్టార్టు చేసుకుని వెళ్ళిపోయాడు.

ఎండ తగ్గాక కత్తెరమ్మ గునపం పట్టింది. మందారం అప్పుడే దారాల్లాంటి తెల్లటి వేళ్ళు కొత్తగా వేసుకుంది. పైకి లాగుతుంటే అవి పుటుక్కు పుటుక్కున తెగాయి. ఆ చప్పుడు ఆమెకు వినపడింది. ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ లాగింది. గోడ పక్కన గుంటలో దించి, వేళ్ళకి బరువవుతుందని కొమ్మలు సగానికి కోసింది. మొగ్గలన్నీ తుంచింది.

"బతుకుతుందా వదినా?"

"తెలీదు. నీళ్ళు తే."

ఆడబిడ్డ బకెట్టు తెచ్చి పోసింది. మొక్క పక్కకి ఒరిగింది. కత్తెరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని కాండం పట్టుకుంది. నీళ్ళింకి మట్టి బిగిసేదాకా పట్టుకునే ఉంది. ఆడబిడ్డ ఇంకో బకెట్టుకి లోపలికెళ్ళింది.