మంచినీళ్ళ చెరువు

టెక్సస్‌లో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో, పదవీ విరమణ చేసేదాకా నగరపాలక సంస్థ నీటి పరీక్షల ల్యాబులో పనిచేశాను. కొళాయిల నుంచీ ట్యాంకుల నుంచీ సీసాల్లో నీళ్ళు పట్టుకొచ్చి, వాటిలో రోగాలు తెచ్చే క్రిములేమైనా పెరుగుతున్నాయేమో చూడడం నా పని. అక్కా బావా అదే ఊళ్ళో ఉండేవారు. బావ పెట్రోలు శుద్ధి చేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. నవ్వితే పక్కింటికి వినపడేది. అప్పటికే షుగరు ఉండేది, కానీ లడ్డూ కనిపిస్తే దాని సంగతి మరిచిపోయేవాడు.

ఎనభైల మొదట్లో ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఒక హాల్లో పట్టేటన్నే ఉండేవి. ఒక శ్రావణంలో అక్క వరలక్ష్మీ వ్రతానికి అందరినీ పిలిచింది. ఆ రోజులు నా డైరీలో ఉన్నాయి, కానీ రోజూ రాసినట్టే ఎండ, ఉక్క, సాయంత్రం జల్లు అని ఉంటుంది. మిగతాది డైరీ తీయకుండానే గుర్తుంది.

"కాగితం ప్లేట్లలో పెట్టి అమ్మవారికి నైవేద్యం ఏంటండీ, చెండాలంగా" అంది అక్క ముందురోజు.

"ఆవిడ కూడా గ్రీన్ కార్డ్ మీద వచ్చిందే కదా, అడ్జస్ట్ అవుతుందిలే" అన్నాడు బావ.

కాలనీ వెనక ఒక చెరువుంది. వేసవిలో సగం చెరువు తామరాకులతో కప్పుకుపోయేది. లేతపసుపు పూలు, గొడుగంత ఆకులు. అక్క కళ్ళు ఎప్పటినుంచో వాటి మీదున్నాయి. కానీ నీళ్ళలోకి దిగడమంటే ఆమెకు భయం. అంతకు ముందు ఏడాది బావ ఫ్యాక్టరీలో ఒక ఫోర్‌మన్ సముద్రపు పాయలో ఆల్చిప్ప గీసుకుని, ఆ గాయం ముదిరి చెయ్యి పోగొట్టుకున్నాడు. అప్పటినుంచి మా ఇళ్ళల్లో ఉప్పునీళ్ళంటే హడలు. పిల్లల కాలిమీద చిన్న గీత ఉన్నా బీచికి పంపేవాళ్ళం కాదు.

చెరువు గట్టున చేపలు పట్టేవాళ్ళ కోసం పెట్టిన బోర్డొకటి ఉండేది. బావ దాన్ని చూపించాడు.

"ఇదిగో, చదువు. ఫ్రెష్ వాటర్. అంటే ఉప్పునీళ్ళు కాదు. మంచినీళ్ళు."

"మంచినీళ్ళేనా?"

"గవర్నమెంటు బోర్డు పెట్టి మరీ చెబుతుంటే నీకు అనుమానమేంటే? అడుగు, పక్కనే ఉన్నాడుగా మీ తమ్ముడు, నీళ్ళ డాక్టరు."

నేను తలూపాను. ఫ్రెష్ వాటర్ అన్నదానికి తెలుగులో వేరే మాట లేదు. సముద్రపు నీళ్ళు కానివన్నీ మనకు మంచినీళ్ళే. తాగే నీళ్ళూ మంచినీళ్ళే.

బావ ప్యాంటు మడిచి, రబ్బరు చెప్పులతోనే దిగాడు. మోకాలి దాకా బురద. ఆకులు కోసి గట్టు మీద మాకు అందిస్తూ, ఒక ఆకులో నీళ్ళు పోసి అటూ ఇటూ ఊపి చూపించాడు. చుక్కలు పాదరసంలా దొర్లి కింద పడ్డాయి.

"చూశారా? నీటిబొట్టే అంటని ఆకు. దీనికి మురికేం అంటుతుంది?"

ఆకు పైభాగం నిజంగానే అద్దంలా ఉంది. అడుగునా, కాడ మీదా మాత్రం ముట్టుకుంటే జారిపోయే పాకుడు. అక్క దాన్ని పమిటతో తుడిచేసింది. బావ పైకి వచ్చేటప్పుడు విరిగిన కాడ ఒకటి పిక్క మీద గీసుకుపోయింది. వాటి కాడలు గరుకుగా, సన్నటి ముళ్ళతో ఉంటాయి. నెత్తురు పెద్దగా రాలేదు. ఇంటికొచ్చాక అక్క పసుపు అద్దింది. మర్నాడు అందరం ఆ ఆకుల్లోనే పులిహోర, బూరెలు తిన్నాం. బావ అందరికీ కొసరి కొసరి వడ్డించాడు. కాలు కొంచెం లాగుతోందని ఒక్కసారి అన్నాడు.

తర్వాతి రోజు శనివారమైనా నేను పక్క ఊళ్ళో పైపులైను పని మీద ఉన్నాను. సాయంత్రం ఆఫీసుకి తిరిగొచ్చేసరికి టేబుల్ మీద చీటీ ఉంది, ఆసుపత్రికి రమ్మని.

పొద్దున్నే బావకు చలిజ్వరం వచ్చింది. మధ్యాహ్నానికి ఒళ్ళు తెలియకుండా పలవరింతలు. పక్కింటావిడ కారులో ఎమర్జెన్సీకి తీసుకెళ్ళింది. ఫోర్‌మన్ సంగతి ఆ ఆసుపత్రికీ గుర్తుంది కాబట్టి నర్సు మొదట అడిగింది అదే, ఈయన సముద్రంలోకి గానీ పాయలోకి గానీ దిగారా అని. అక్కకి ఇంగ్లీషు కొట్టుకి సరిపడేంత వచ్చు.

"నో సీ, నో సాల్ట్. గుడ్ వాటర్" అని చెప్పింది.

"ఎట్ హోమ్?" అంది నర్సు.

"యెస్, నియర్ హోమ్."

నర్సు కాగితం మీద రాసుకుంది, ఇంట్లో శుభ్రమైన నీళ్ళ దగ్గర గీసుకుందని. మామూలు గాయం చీము పడితే ఇచ్చే మందు ఎక్కించారు.

నేను వెళ్ళేసరికి పిక్క అంతా నల్లగా కమిలి, పైన నీటిపొక్కులు లేచి ఉన్నాయి. డాక్టరు కుర్రాడు. మందు పనిచేయడం లేదు, ఎందుకో అర్థం కావడం లేదని నాతో అన్నాడు. చేతిలో ఉన్న కాగితం చదివి వినిపించాడు. నేను వరండాలోకి వచ్చి అక్కను అడిగాను.

"ఏం చెప్పావే వీళ్ళకి?"

"ఉప్పునీళ్ళు కాదని చెప్పాన్రా. మంచినీళ్ళేనని. గుడ్ వాటర్ అన్నా. తప్పా?"

"తప్పేం లేదు" అన్నాను.

లోపలికి వెళ్ళి డాక్టరుకు చెరువు అని చెప్పాను, తామరాకులు, పాకుడు, విరిగిన కాడ అన్నీ చెప్పాను. అతను నా మాట పూర్తి కాకుండానే లేచాడు. మందు మార్చారు. సర్జన్‌ని పిలిచారు. కానీ అప్పటికే తొడ మీదకు ఎరుపు పాకుతోంది. ఆ రాత్రే మోకాలి పైకి తీసేశారు. కాగితం మీద అక్క సంతకం పెట్టింది. ఎక్కడ పెట్టాలో నేను వేలితో చూపించాను.

గాయం నుంచి తీసినదాంట్లో దొరికిన క్రిమి పేరు ఏరోమోనాస్. అది సముద్రంలోది కాదు. చెరువుల్లో, కాలవల్లో, సరిగ్గా మనం మంచినీళ్ళనే చోటే బతికేది. మొదట ఇచ్చిన మందు దానికి లెక్కలేదు. షుగరున్న ఒళ్ళు దొరికితే ఇక ఆగదు.

తర్వాతి వారాంతం నేను ల్యాబు సీసాలు పట్టుకుని చెరువుకి వెళ్ళాను. నడిమధ్య నీళ్ళు కొన్ని పట్టాను. కత్తిరించిన కాడలు, వేళ్ళు కొన్ని విడిగా సంచుల్లో వేసుకున్నాను. నీళ్ళలో తేలినవి ఏ చెరువులోనైనా ఉండేటన్నే. అవి చూసి ఎవరూ బోర్డు మార్చరు. కాడలు కడిగిన నీళ్ళు పోసిన గాజుపళ్ళాలు మాత్రం మర్నాటికి పాలు విరిగినట్టు తెల్లగా అయిపోయాయి. క్రిముల మచ్చలు విడివిడిగా లెక్కపెట్టడానికి మధ్యలో ఖాళీ లేదు. కాడల మీది ఆ పాకుడులో క్రిములు ఇల్లు కట్టుకుని ఉంటాయి. పైనున్న నీళ్ళు తేటగా ఉన్నా, అడుగున కాడనీ వేరునీ పట్టుకుని వానలూ చలికాలాలూ దాటేస్తాయి. నా ఉద్యోగమంతా సీసాలో నీళ్ళే చూశాను. మొక్కను ఎవరూ సీసాలో పెట్టరు.

పళ్ళాలు మా పైఅధికారికి చూపించాను. ఆయన మంచివాడే. చాలాసేపు చూశాడు.

"ఆ చెరువు నీళ్ళు మనం ఎవరికీ సరఫరా చేయడం లేదు కదా" అన్నాడు. "ఇంతకీ వాటిలోకి ఎవరు దిగుతారు?"

డాక్టరు కూడా చూశాడు. గాయంలోదీ చెరువులోదీ ఒకటేనని తను ప్రమాణం చేసి చెప్పలేనన్నాడు. సరైన మందు పొద్దున్నే పడి ఉంటే కాలు దక్కేదా అని అడిగాను. "దక్కేదేమో. దక్కకపోయేదేమో" అన్నాడు. అతని గొంతులో మొదటి మాటే గట్టిగా ఉంది.

బావ ఇంటికొచ్చాక, అక్క వంటింట్లో ఉన్నప్పుడు నన్ను దగ్గరికి పిలిచాడు. డాక్టరు అతనికి అంతా చెప్పేశాడు.

"ఏవోయ్ నీళ్ళ డాక్టరూ. ఆ గుడ్ వాటర్ సంగతి మీ అక్కకి చెప్పకు."

"చెప్పను బావా."

"ఒట్టు?"

"ఒట్టు."

తర్వాత అతను పెద్దగా నవ్వడం నేను వినలేదు. ఫ్యాక్టరీ వాళ్ళు కూర్చుని చేసే పనిలో వేశారు. చెరువులో తామర ఏటా పూస్తూనే ఉండేది. బావ ఆ వైపు కిటికీకి పరదా వేయించాడు, ఎండ కొడుతోందని.

ఆ దశాబ్దం చివర్లో ఒక ఆదివారం అక్కావాళ్ళింట్లో భోజనానికి ఉన్నాను. హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన జంటను అక్క పిలిచింది. ఆ అమ్మాయికి పొలమారింది.

"వాటర్ ఇమ్మంటావా?" అంది అక్క కంగారుగా. "వాటర్ తాగమ్మా, వాటర్."

ఆ అమ్మాయి దగ్గు ఆగాక నవ్వింది. "ఏంది ఆంటీ, అమెరికా వచ్చి మంచినీళ్ళు అనడం కూడా మర్చిపోయిన్రా?"

అక్క ఆమె గ్లాసు మళ్ళీ నింపింది. అప్పుడు నాకు వెనక్కి తిరిగి చూసుకుంటే తట్టింది. ఎన్నో ఏళ్ళుగా ఆ ఇంట్లో ఆ మాట వినలేదు. భోజనాల దగ్గరా, పూజ దగ్గరా, పిల్లలకు జ్వరం వచ్చినప్పుడూ అక్క వాటర్ అనే అంటోంది. పిల్లల వల్ల అలవాటైందనుకున్నాను. ఆ గుడ్ వాటర్ సంగతి ఎవరు చెప్పారో, ఎప్పుడు తెలుసుకుందో, మేమిద్దరం దాచామని తెలిసి ఎన్నాళ్ళు ఊరుకుందో.

బావ కంచంలోంచి తలెత్తి నా వైపు చూశాడు. అతనికీ అప్పుడే తెలిసినట్టుంది. అక్క గ్లాసు నింపి తెచ్చి అతని ముందు పెట్టింది.

"వాటర్" అంది.