అంతయ్య వాటా

మమ్మల్ని కన్న మా అవ్వ భూమవ్వ నోరు మంచిది కాదని ఊరంతా అనేది. ఆ నోరే లేకపోతే మా అన్నలిద్దరూ నేటికీ ఒడ్డునే కూర్చునేవారు.

పోలీసు చర్య అయిన మరుసటేడు బాపు మమ్మల్ని సిర్పూరు వైపు నుంచి చొప్పదండి పక్కనున్న ఈ ఊరికి తెచ్చాడు. ఇది తన తాత ఊరట. కరువుకు తాళలేక ఆ తాత ఊరు విడిచాడట. వచ్చిన ఏడాదే బాపు జ్వరంతో పోయాడు. కొన్నేళ్ళకు చేపల సొసైటీ పెట్టారు. తాతల నాటి నుంచి ఈ చెరువులో వల వేసిన ఇళ్ళకే సభ్యత్వం అన్నారు.

కులపెద్ద రాజం అడ్డం తిరిగాడు. "మీ పెద్దలు గీ చెర్ల వలేసిండ్రని ఎవలు జూసిండ్రు? పేరన్న జెప్పు, భూమవ్వా."

అవ్వకు పేరు తెలిస్తేగా! మా ఇళ్ళల్లో కోడళ్ళు మొగుడి పేరే పలకరు, ఇక మొగుడి తాత పేరా? "పెద్దమామ" అంటే సరిపోయేది. అవ్వ రోషంతో నన్ను వెంటేసుకుని రైలెక్కింది, ప్రాణహిత ఒడ్డునున్న మా మేనత్త దేవవ్వ దగ్గరికి. ఆమె ఆ ఇంటి ఆడబిడ్డ. పేరు పలకడానికి అడ్డేముంది?

"గింతదానికే పరేషానైతున్నవా? మా తాత పేరు అంతయ్య" అంది అత్త. "ఆయన చెల్లె బాలవ్వను గా ఊర్లనే కులపెద్దింటికి ఇచ్చిండ్రు."

ఆ పేరు మేమిద్దరం ఏటా విన్నదే. ఏటా చేపలు పట్టే రోజు రాజం మొదటి కొర్రమట్టను "అంతయ్య వాటా" అంటూ నీళ్ళలో వదిలేవాడు. అంతయ్య అంటే చెరువు దేవుడనుకుని అందరం దండం పెట్టేవాళ్ళం.

ఆ ఏడు రాజం చేపను పైకెత్తగానే అవ్వ కట్ట మీద నుంచి కేకేసింది. "ఆగు! గా వాటా ఎవలిది?"

"దేవునిది. మా తాతల కాన్నుంచి ఇడుస్తున్నం."

"దేవునిది గాదు, నా మొగని తాతది! ఆయన చెల్లె బాలవ్వను మీ ఇంటికే ఇచ్చిండ్రు!"

జనం ఘొల్లున నవ్వారు. రాజం తల్లి లింగవ్వ మాత్రం కర్ర ఊతతో లేచింది.

"నవ్వకుండ్రి. గా బాలవ్వ మా అత్తే. 'కరువుకు పోయిన మా అన్న మల్లొచ్చేదాక ఆయన వాటా నీళ్ళకే ఇడువుండ్రి' అని జెప్తుండె. నువ్వు గా ఇంటి కోడలివని నాకేమెరుక బిడ్డా!"

అప్పుడు చూడాలి రాజం మొహం! చేతిలో చేప కొట్టుకుంటోంది. దాన్ని వదలాలో పట్టాలో తెలియలేదు పాపం. చివరికి ఒడ్డుకొచ్చి అవ్వ కొంగులో పెట్టాడు.

"నీదే, చెల్లె."

అవ్వ ఏడ్చేసింది. ఏడుస్తూనే, కోడలు పలకకూడని ఆ పేరును చెరువంతా వినపడేలా పలికింది.

"ఇంకేం జూస్తుండ్రురా? దిగుండ్రి! అంతయ్య మునిమనుమలు మీరు!"

అన్నలు వలలతో నీళ్ళలోకి దిగారు.