ఎల్లమ్మత్త చల్లిన ఉలవలు

ఎల్లమ్మత్త పేరు తలచుకోగానే నాకు ముందు కృతజ్ఞత కలుగుతుంది. ఆ వెంటనే నేను ఆమెకు చేసిన తప్పు గుర్తొస్తుంది. ఇన్నేళ్లుగా మోస్తున్న ఆ బరువును ముక్కూ మొహం తెలియని మీ ముందు దించుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు.

ఎనభైల్లో, బొంబాయి కామాటిపురలో, వరుస గదుల చాల్‌లో మా పక్క ఖోలీ ఆమెది. పిల్లలు లేరు. అయినా మా గల్లీలో ఎవరింట పెళ్లి జరిగినా, మట్టి పాలికల్లో నవధాన్యాలు ఆమె చేతనే చల్లించేవారు. ఆమె చల్లితే మొలవని గింజ ఉండదని పేరు. ఆ పిలుపు వస్తే ఆమె ఎంత మురిసిపోయేదో నేను చూశాను.

ఒక ఏడు ఆమె మేక ఈనింది. పచ్చిమేత కోసం పాలమూరు నుంచి ఉలవలు తెప్పించి, చాల్ వెనక పాత పెట్టెల్లో చల్లుదామనుకుంది. బిల్డింగ్ పనికి పోయే నన్ను మట్టి తెమ్మంది. కొండవైపు తవ్వుతున్న పునాదుల్లో మంచి ఎర్రమట్టి ఉంది. అంతదూరం పోవడానికి బద్ధకించి, నేను పనిచేసే ఖాడీ ఒడ్డునే, సముద్రపు నీళ్లు వచ్చిపోయే చోట, గోనెలు నింపి లారీలో వేసుకొచ్చాను. మట్టి పైన తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. దాన్ని అరచేత్తో గీకి పారేశాను. తెలియక చేశానని నేను ఎలా చెప్పుకోను?

"మట్టి మంచిదేనా బిడ్డా?"

"మంచిదే అత్తా. కొండ దిక్కుకెల్లి తెచ్చిన."

"నువ్వు తెచ్చినవంటే ఇగ సూసుడేముంది," అని ఆమె గింజలు చల్లింది.

చాలా గింజలు ఉబ్బి, అలాగే కుళ్లిపోయాయి. మొలిచిన కొన్నీ వంకరగా లేచి, వేలెడు కూడా ఎదగకుండా ఆకుల అంచులు మాడి వాలిపోయాయి. గొడ్రాలి చెయ్యి చివరికి బయటపడిందని గల్లీలో ఆడవాళ్లు గొణుక్కున్నారు. మిగిలిన గింజలు ఆమె చేత్తోనే గుప్పెడు పోయించుకుని తెచ్చి తడిగుడ్డలో మూట కట్టాను. అన్నీ మొలిచాయి. అప్పుడైనా ఆ మూట తీసుకెళ్లి, తప్పు మట్టిదని అందరికీ చూపించవచ్చు కదా? చూపించలేదు. ఆ మొలకలు నేనే తినేశాను.

ఆ ఏడే మా చెల్లి పెళ్లి. పాలికలకు మా అమ్మ వేరే ఆమెను పిలిచింది. నేను అక్కడే ఉన్నాను. ఎల్లమ్మత్త వంటల దగ్గర కూర్చుని పొద్దంతా ఉల్లిగడ్డలు కోసింది. ఆ తర్వాత ఆమెను ఆ పనికి ఎవరూ పిలవలేదు.

చెల్లి పెళ్లయిన కొన్నాళ్లకే నేను జ్వరంతో మంచం పట్టాను. సరైన మేత లేని ఆ మేక ఇచ్చే కాసిని పాలు కాచి ఆమె రోజూ నాకే తెచ్చేది. ఇవాళ నేను లేచి తిరుగుతున్నానంటే ఆ పాల చలవే. ఏ చేతికి నింద రానిచ్చానో ఆ చేతి పాలే తాగాను. ఆమెకు సంగతి తెలిసే పోసిందా? తెలిసి ఉంటే బాగుండునని ఒకప్పుడు అనుకునేవాణ్ణి, కానీ ఆలోచిస్తే అది కూడా నా సుఖం కోసం కోరుకున్నదే. ఆమె పోయింది. నేను చెప్పలేదు.

మీకు చెప్పినందువల్ల ఆమెకు ఒరిగేదేమీ లేదు, నాకే కాస్త ఊపిరి ఆడుతోంది. ఎల్లమ్మత్త చేతిలో ఏ దోషమూ లేదు. మట్టి ఉప్పుది. తెచ్చింది నేను.